ఇంటి కారుకు నైట్రస్ వద్దు, ఆ మాట ముందు షెడ్డు వాళ్లమే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నెల్లూరులో కార్ల షెడ్డు నడుపుతున్నాను, వచ్చేవన్నీ దాదాపు చిన్న పెట్రోలు బండ్లే. ఈ మధ్య కుర్రాళ్లు వచ్చి ఒక పని అడుగుతున్నారు, దాని సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను. "అన్నా, బండికి నైట్రస్ వేయిస్తే ఎంతవుద్ది?" అంటారు. బండి అంటే రేసు బండేమీ కాదు, వాళ్ల నాన్న ఉద్యోగానికి పోయొచ్చే బండి, అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లే బండి, పండక్కి కందుకూరో ఆత్మకూరో పోయొచ్చే 800 సీసీ, 1000 సీసీ, మహా అయితే 1200 సీసీ కారు. ఫోన్లో ఒక వీడియో చూపిస్తారు, స్టీరింగ్ పక్కన ఎర్ర బటన్, అది నొక్కగానే బండి గాల్లోకి లేచినట్టు పోతుంది, మనకూ అదే కావాలంటారు. నేను చెయ్యనంటే ఇంకో షెడ్డుకు పోతారు. చేసిపెట్టేవాళ్లు ఉన్నారు, నా బాధ అదే. అందుకని ఈ ఉత్తరం కుర్రాళ్ల కంటే ముందు నా తోటి మెకానిక్కులకు, కారు ఎలక్ట్రీషియన్లకు, ఆటోనగర్‌లో లాత్ పని చేసే అన్నలకు. ఇంటి వాడకం కారుకు నైట్రస్ బిగించమంటే బిగించొద్దు. ఎందుకొద్దో తెలిసి చెప్పాలి, ఊరికే "ప్రమాదంరా" అంటే ఈ కాలం పిల్లలు వినరు.

నైట్రస్ అంటే నైట్రస్ ఆక్సైడ్. పెట్రోలు కంటే బాగా మండే గ్యాసని చాలామంది అనుకుంటారు. అది మండదు, మంటను పెంచుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది, ఇంజన్‌లోకి పోయాక దాదాపు 300 డిగ్రీల వేడి తగిలేసరికి విడిపోయి నైట్రోజన్, ఆక్సిజన్ అవుతుంది. మామూలు గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం అయితే దీంట్లో 36 శాతం. పైగా ఈ ద్రవం మరిగేది సున్నాకు కింద 88 డిగ్రీల దగ్గర, కాబట్టి నాజిల్‌లోంచి బయటపడి ఆవిరయ్యేటప్పుడు లోపలికి పోయే గాలిని బాగా చల్లబరుస్తుంది, గాలి చల్లబడితే చిక్కబడుతుంది, ఇంకాస్త ఆక్సిజన్ పడుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు, పవరు పెరుగుతుంది. కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో, బాగా ఎత్తుకు పోయాక గాలి పలచబడి విమానం ఇంజన్ల పవరు పడిపోతుంటే జర్మనీ వాళ్లు ఇదే గ్యాసు వాడారు. కాబట్టి ఇదంతా బోగస్ అని నేననను. బాగా పని చేస్తుంది, దానికి తగ్గట్టు కట్టిన ఇంజన్ ఉంటే.

మన చిన్న కారు దానికి తగ్గట్టు కట్టింది కాదు. ఆక్సిజన్ ఎంత పెరిగితే పెట్రోలూ అంత పెరగాలి, లేకపోతే మిశ్రమం పలచబడి లోపల వేడి విపరీతంగా పెరిగిపోతుంది, నాకింగ్ మొదలవుతుంది, అంటే పెట్రోలు అదుపు లేకుండా తనంతట తనే అంటుకుని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. బిగించే పద్ధతులు ముఖ్యంగా రెండు. డ్రై కిట్ అయితే ఇన్‌టేక్ పైపులోకి గ్యాసు ఒక్కటే కొడతారు, పెట్రోలు సంగతి ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటరు, చూసుకోవాలి. వెట్ కిట్ అయితే గ్యాసు, పెట్రోలు రెండూ ఒకే నాజిల్ దగ్గర కొడతారు. ఇప్పుడు మన చిన్న కార్లలో చాలావాటికి గాలి లెక్క చూసేది మ్యాప్ సెన్సారు, అది మానిఫోల్డ్‌లో, అంటే గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో, ఒత్తిడిని మాత్రమే చెప్తుంది, దాన్నీ గాలి వేడినీ చూసుకుని ఈసీయూ పెట్రోలు కడుతుంది. లోపలికి వచ్చింది మామూలు గాలా, నైట్రస్ కలిసిన గాలా అన్నది ఆ సెన్సారుకు తెలిసే దారే లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆక్సిజన్ సెన్సారు చెప్పేదాన్ని కూడా ఈసీయూ మామూలుగా పట్టించుకోదు. అంటే డ్రై కిట్ తెచ్చి పైపుకు చిల్లు కొట్టి బిగించేస్తే ఆక్సిజన్ పెరుగుద్ది, పెట్రోలు పెరగదు. అంతే, ఇంజన్ పోయినట్టే.

వెట్ కిట్ పెడితే సరిపోద్ది కదా అంటారు. ట్యాంకులో ఉండే ఆ చిన్న పంపు ఆ ఇంజన్‌కు ఎంత కావాలో అంతకు చూసి పెట్టింది, ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అసలే కొంచెం ఎక్కువ పరిమాణంలో పోవాలి, ఇంక ఆ పంపుకు మిగులు ఏది? పైగా ఈ బండ్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, గాలి పోవడానికి చేసింది, తడి పెట్రోలు పోవడానికి కాదు. పెట్రోలు మూలల్లో నిలిచి ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చిందంటే మానిఫోల్డ్ ముక్కలవుతుంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో బటన్ నొక్కేవాడికి జరిగేది ఇదే, ఎందుకంటే నాజిల్‌లోంచి సెకనుకు వచ్చే గ్యాసు ఒకటే కొలత, ఇంజన్ మెల్లగా తిరుగుతుంటే ఒక్కో స్ట్రోక్‌కు పడే వాటా పెరిగిపోతుంది. రేసు వాళ్లు అందుకే ఇంజన్ 3,000 ఆర్‌పీఎమ్ దాటి, యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కితే తప్ప గ్యాసు వదిలే సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే) వాల్వు తెరుచుకోకుండా స్విచ్చులు పెడతారు. ప్రతి 50 హార్స్‌పవర్‌కు ఇగ్నిషన్ టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి జరుపుతారు, ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు వేస్తారు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తారు. ఇప్పటి చిన్న ఇంజన్లలో కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, పదీ పదకొండు దాకా పోయింది, మైలేజీ కోసం అంత బిగించి కట్టారు, నాకింగ్‌కు ఇవి అసలే దగ్గర్లో ఉంటాయి. వీడియోలో ఎర్ర బటన్ ఒక్కటే కనిపిస్తుంది, ఈ పనంతా కనిపించదు.

నా షెడ్డులో బెంచి మీద ఒక పిస్టన్ ఉంది, నైట్రస్ గురించి అడిగిన ప్రతి కుర్రాడికీ ముందు అది చేతికిస్తాను. వేరే చోట బిగించి, ఇంజన్ ఆగిపోయాక టో చేసుకుని నా దగ్గరికి తెచ్చిన బండిది. పై రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు, మేము రింగ్ ల్యాండ్ అంటాం, ఒక పక్క గోరంత ముక్క విరిగిపోయింది. ఎగ్జాస్ట్ వాల్వు వైపు అంచు చూస్తే ఎలుక కొరికినట్టు తినేసి ఉంటుంది, అది కొరుకుడు కాదు, అల్యూమినియం కరిగి పోయింది. ఆ సిలిండర్‌లోంచి తీసిన ప్లగ్గు కూడా దాచాను. దాని తెల్ల పింగాణీ మీద వెండి పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు ఉంటాయి, అది పిస్టన్‌లోంచి పోయిన లోహమే, ఎలక్ట్రోడ్ చివర గుండ్రంగా కరిగిపోయింది. విరిగిన ముక్క సిలిండర్ గోడను పైనుంచి కిందిదాకా గీసేసింది. ఆ బండి నడిపిన అబ్బయ్యకు ఏమీ కాలేదు, దేవుడి దయ. కారు వాళ్ల నాన్నది, ఇంకా లోను కడుతున్నాడాయన.

ఇక మన ఎండల సంగతి. ఇది చాలామంది మెకానిక్కులకు కూడా తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. సిలిండర్‌లో ఒత్తిడి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 50 బార్, 30 డిగ్రీల దగ్గర 60 దాటుతుంది, అంటే దాదాపు 900 పీఎస్ఐ, కిట్లలో జెట్ల (గ్యాసు, పెట్రోలు ఎంత పోవాలో కట్టడి చేసే సన్న రంధ్రాల) కొలతలన్నీ ఆ 900, 1,000 పీఎస్ఐ చుట్టూ లెక్కగట్టినవి. 36.4 డిగ్రీలు దాటితే నైట్రస్ ఆక్సైడ్ ద్రవంగా ఉండలేదు, ఎంత ఒత్తిడి పెట్టినా సరే, అది ఆ పదార్థం స్వభావం. చలి దేశాల్లో రేసు వాళ్లు బాటిల్‌కు హీటర్ చుట్టి వెచ్చబెట్టుకుంటారు. మనకు రోహిణి కార్తెలో నీడలోనే 40 దాటుద్ది, ఎండలో పెట్టి అద్దాలు మూసిన కారు డిక్కీలో ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూసిన ప్రతివాడికీ తెలుసు. నిండా పట్టించిన బాటిల్ ఆ వేడికి ఒత్తిడి వేగంగా ఎక్కిపోతుంది. సాయంత్రం చల్లగా ఉన్నప్పుడు ట్యూన్ చేసిన బండి మధ్యాహ్నం అదే జెట్‌లోంచి లెక్కకు మించిన గ్యాసు మింగుతుంది, పెట్రోలు జెట్ మాత్రం మారదు. పైన చెప్పిన పిస్టన్ గతే. అమెరికాలో అమ్మే అసలు నైట్రస్ బాటిల్‌కు ఒత్తిడి హద్దు మీరితే పగిలి గ్యాసు వదిలేసే డిస్క్ ఉంటుంది, దాన్నుంచి పైపు వేసి గ్యాసు కారు బయటికి పోయేలా పెట్టాలి. ఆ పైపు పెట్టకుండా డిక్కీలో పడుకోబెట్టిన బాటిల్ డిస్క్ ఊడితే గ్యాసంతా లోపలికే వస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ వెనక సీటుకీ మధ్య అడ్డమేముంది, ఒక అట్ట పలక తప్ప? గ్యాసు నిండితే ఆక్సిజన్ చాలదు, అద్దాలు మూసుకుని ఏసీలో పోతున్నవాళ్లు కేక కూడా వెయ్యకుండా స్పృహ తప్పొచ్చు. వెనక సీట్లో ఎవరుంటారో నేను వేరే చెప్పక్కర్లేదు.

అసలు బాటిళ్లు ఖరీదని కొందరు మెడికల్ సిలిండర్ ఎక్కడ దొరుకుద్దని నన్నే అడుగుతున్నారు. ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టర్లు వాడే నీలం సిలిండర్‌లోదీ ఇదే గ్యాసు, 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికన్ పళ్ల డాక్టరు నొప్పి తెలియకుండా పన్ను పీకడానికి వాడినప్పటి నుంచీ వైద్యంలో ఉంది. కానీ ఆ సిలిండర్ వాయువు ఇవ్వడానికి చేసింది. రేసు బాటిల్‌లో అడుగుదాకా గొట్టం ఉంటుంది, దాంతో ద్రవం వస్తుంది. ఇది తెలియక మెడికల్ సిలిండర్ తగిలించి, పవరు రాలేదని బోర్లా కట్టి, ఎప్పుడు టెస్టు చేయించారో తెలియని పాత సిలిండర్ మీద పిల్లలు ప్రయోగాలు చేస్తారు. ఇంకో సంగతి, రేసు కోసం అమ్మే గ్యాసులో ఎవరూ పీల్చకుండా కొంచెం సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు, మెడికల్ గ్యాసులో కలపరు. కాబట్టి ఆ సిలిండర్ ఇంట్లో ఉంటే కారు ఒక్కదానికే పరిమితం అవుతుందన్న నమ్మకం లేదు. తరచూ పీలిస్తే ఒంట్లో బి12 విటమిన్ పనిచెయ్యకుండా పోయి నరాలు దెబ్బతింటాయి, బ్రిటన్‌లో మత్తు కోసం ఇది దగ్గర పెట్టుకోవడాన్ని 2023 నవంబరు నుంచి నేరం చేశారు. తల్లిదండ్రులు ఇది చదివితే చాలు నాకు.

పవరు లెక్క కూడా ఒక్కసారి చూడండి. 800 సీసీ ఆల్టో ఇంజన్ పవరు 47 హార్స్‌పవర్ చిల్లర. బయట దొరికే కిట్లలో 50 షాట్, అంటే 50 హార్స్‌పవర్ పెంచేది, చిన్న కొలతే, అది పెట్టినా పవరు ఒక్కసారిగా రెట్టింపు దాటుద్ది. ముప్పావు టన్ను బండి, 12 అంగుళాల రిమ్ము, 145 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, వెనక డ్రమ్ బ్రేకులు. క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సు, యాక్సిల్ షాఫ్టు అన్నీ ఆ 47 కోసం చేసినవి. ఇంతా చేసి 10 పౌండ్ల బాటిల్ 50 షాట్ మీద వచ్చేది మూడు నిమిషాల చిల్లర, మళ్లీ నింపించుకోవాలి. నడిపేది ఎక్కడంటే మన 16వ నంబరు హైవే మీద, వెంకటాచలం నుంచి కావలి, సింగరాయకొండ, టంగుటూరు దాకా ఎక్కడ చూసినా ఊళ్లోంచి నేరుగా రోడ్డెక్కే ట్రాక్టర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోలు, రాత్రి లైట్లు లేకుండా ఆగిన లారీలు, సాయంత్రం ఇళ్లకు మళ్లే గేదెలు. ఆ రోడ్డు మీద స్టాక్ బండితోనే రోజూ ఎన్ని చూస్తున్నాం.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణతో 182ఏ కింద అలా మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద పందెం వేస్తే 189 కింద అది వేరే కేసు. సీఎన్‌జీ కూడా డిక్కీలో సిలిండరే కదా అని ఒకతను వాదించాడు. సీఎన్‌జీకి అనుమతి ఉన్న కిట్ ఉంది, ఆర్‌సీలో ఎక్కుద్ది, సిలిండర్‌కు మూడేళ్లకోసారి టెస్టు ఉంది. నైట్రస్‌కు అవేవీ లేవు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయరు డిక్కీ తెరిచి బాటిల్ చూశాక క్లెయిము వస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

దీనివల్ల నష్టపోయేవాడు బిగించుకున్నవాడు ఒక్కడే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఇంజన్ మోజు తీరాక కిట్ పీకేసి, బండిని పాలిష్ పట్టించి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తారు. కొనేది ఎవరంటే అప్పు చేసి మొదటి కారు కొనుక్కునే టీచరో, రొయ్యల గుంట మీద నాలుగు డబ్బులు మిగిల్చుకున్న రైతో. కొనే ముందు ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు పైపును వేలితో తడిమి చూడండి, ఎక్కడైనా ఎంసీల్ పూసిన మచ్చ ఉంటే అక్కడ నాజిల్ ఉండేదేమో అడగండి. డిక్కీ మ్యాట్ ఎత్తి స్టెప్నీ పక్కన రేకుకు బోల్టు చిల్లులు ఉన్నాయేమో చూడండి. డ్యాష్‌బోర్డు కింద ఎక్కడికీ పోకుండా కత్తిరించిన వైర్లు, ఖాళీ రిలే బేసు ఉంటే అనుమానించండి. మీ మెకానిక్‌తో ప్లగ్గులు తీయించి అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ టెస్టు చేయించండి, పెద్ద ఖర్చు కాదు.

వేగం మీద ఇష్టం తప్పని నేననను. ఆ వయసులో ఉండాల్సిందే, బండి మీద ప్రేమ ఉన్న కుర్రాడే రేపు మంచి మెకానిక్ అవుతాడు, మంచి ఇంజనీరూ అవుతాడు. మనకు దగ్గర్లోనే, మద్రాసు దాటగానే ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేసు ట్రాక్ ఉంది, అక్కడ డ్రాగ్ పోటీలు జరుగుతాయి, మార్షల్స్ ఉంటారు, అంబులెన్సు ఉంటుంది, బండిని ముందు పరీక్ష చేసి గానీ ట్రాక్ మీదికి వదలరు. ఒక్కసారి పోయి చూసొస్తే నైట్రస్ బండి వెనక ఎంతమంది మనుషులు, ఎంత పని ఉంటుందో కళ్లారా తెలుస్తుంది. ఇంటి బండి చురుగ్గా పోవాలంటే ఇంజక్టర్లు శుభ్రం చేయించండి, మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు వేయించండి, క్లచ్ జారుతుంటే మార్పించండి. సగం బండ్లు కంపెనీ ఇచ్చిన పవరే పూర్తిగా ఇవ్వకుండా తిరుగుతున్నాయి.

తోటి మెకానిక్కులకు ఒక మాట. "నేను చెయ్యకపోతే పక్కోడు చేస్తాడు" అని మనం అనుకుంటున్నాం. పక్కోడూ అదే అనుకుంటున్నాడు. మన సంఘాల మీటింగుల్లో ఈ విషయం పెట్టి, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఏ షెడ్డూ ఇంటి కారుకు ఈ పని ఒప్పుకోకూడదని ఒక మాట మీదికి వస్తే కుర్రాడు తిరగడానికి షెడ్డే ఉండదు. రవాణా శాఖ అధికారులు, పోలీసులు తనిఖీల్లో సైలెన్సర్లు, అద్దాల ఫిల్మ్‌లు చూస్తున్నట్టే డిక్కీ కూడా తెరిచి చూడాలి. మెడికల్ గ్యాస్ అమ్మేవాళ్లు ఆస్పత్రి పేరు, కాగితం లేకుండా నీలం సిలిండర్ ఎవరికీ ఇవ్వకూడదు.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు భయపడి దాచుకోవద్దు, తీయించుకోండి. ఎండలో ఉన్న బండిలో బాటిల్ ముట్టుకోవద్దు, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు వాల్వు గట్టిగా మూసి, పైపులో మిగిలిన గ్యాసును ఆరుబయట వదిలి, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకుని విప్పించండి, ద్రవం చర్మం మీద పడితే మంచు కాటుకు కందిపోతుంది. చిల్లు పడ్డ ఇన్‌టేక్ పైపు మార్చేయండి, మందు పూసి సరిపెట్టొద్దు. ప్లగ్గులు తీసి ఆ వెండి చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే బండి స్టార్ట్ చెయ్యకుండా టో చేసుకుని తెచ్చుకోండి, ఆ దశలో ఆపితే కొన్నిసార్లు ఒక పిస్టన్, రింగుల సెట్టుతో బయటపడొచ్చు. ఆ కిట్ విప్పే పనికి నేను కూలీ తీసుకోను.

— ఒక కారు మెకానిక్, నెల్లూరు